ఒక్క చుక్క, మూడు వాటాలు

తెలివి అనేది ఒకప్పుడు గోదావరిలో కొట్టుకొచ్చి మా నేరేడులంక రేవులో ఆగిందట. రేవు పక్కనే ఇల్లున్న ముగ్గురు అన్నదమ్ములు దాన్ని ముందుగా చూసి మొత్తం ఇంట్లోకి మోసుకుపోయారట. అందుకే లంకలో మిగతా వాళ్ళకి చిటికెడు కూడా దొరకలేదట. ఈ మాట నేననడం లేదు, వాళ్ళే అంటారు. నేను ఆ రేవులో ఇరవై ఏళ్ళుగా పడవ నడుపుతున్నాను. కొట్టుకొచ్చినవి చాలా చూశాను గానీ ఇది మాత్రం నా కంటపడలేదు.

పెద్దాడు సూరన్న. రెండోవాడు లోవరాజు. మూడోవాడు బుల్లబ్బాయి, పేరుకే బుల్లి, వాడికీ ముప్పై దాటాయి. ముగ్గురూ కొబ్బరి పీచు నానబెట్టి, కొట్టి, తాళ్ళు పేనుతారు. తాళ్ళు గట్టివే, అబద్ధమెందుకు. చేతుల్లో పనితనం ఉంది, పైకి పాకలేదంతే.

ఆ ఇంటికి రెండు కట్టుబాట్లు. మొదటిది, ఎవరేం చెబితే అది చెప్పినట్టే చెయ్యాలి, వీసమెత్తు తేడా రాకూడదు. రెండోది, ఇంటికి ఏదొచ్చినా, ఇంట్లోంచి ఏది పోయినా మూడు సమాన వాటాలు. మామిడిపండొస్తే టెంకని కూడా ఉలితో మూడు చెక్కలు చేసుకునేవారు. ఒకసారి సూరన్న కాల్లో ముల్లు గుచ్చుకుంటే తమ్ముళ్ళిద్దరూ పొలమంతా తిరిగి, అదే సైజు ముళ్ళు ఏరుకుని గుచ్చుకొచ్చారు. క్షవరం చేసే వీరభద్రం ఓనాడు ఒక్క తలకే టైముందన్నాడు. అంతే, ముగ్గురూ తలో మూడోవంతు గొరిగించుకుని వారం రోజులు ఊరంతా తిరిగారు. ఇంకెక్కడైనా అన్నదమ్ములు ఇంత ఐకమత్యంగా ఉంటే చూపించమని సవాలు కూడా చేశారు. ఎవరు చూపించగలరు.

సూరన్న పెళ్ళాం మంగతాయారు. ఆ ఇంట్లో వంటా ఆవిడదే, బుర్రా ఆవిడదే. మిగతా ఇద్దరికీ పెళ్ళి కాలేదు. తమ తెలివికి సరితూగే పిల్లలు ఈ జిల్లాలో లేరని వాళ్ళ బాధ. ఆడపిల్లల తండ్రులు కూడా అదే అన్నారు, కాస్త వేరే గొంతుతో.

మొన్న వానాకాలం మొదట్లో నర్సమ్మ జ్ఞానసుందరి నా పడవలో దిగింది. అరచేతిలో ఇమిడేంత పెట్టె ఒకటి తెచ్చింది. అది డెంగీ జ్వరాన్ని పట్టే పెట్టెట. సన్నటి పట్టీ మీద ఒక్క చుక్క రక్తం వేసి లోపలికి తోస్తే, రక్తంలో ఆ వైరస్ జాడ ఉందో లేదో పావుగంటలో చెప్పేస్తుందట. ఆకుపచ్చ దీపం వెలిగితే లేదు, ఎర్ర దీపం వెలిగితే ఉంది. ఇదివరకు మా లంకలో ఎవరికైనా జ్వరమొస్తే రక్తం సీసాలో పోసి నా పడవలోనే పట్నం పంపేవాళ్ళు. జవాబు నాలుగో రోజుకి తిరిగొచ్చేది. ఈలోగా జ్వరమన్నా పోయేది, మనిషన్నా పోయేవాడు. ఇప్పుడు జబ్బు పావుగంటలో తేలిపోతుంది, బాగానే ఉంది. పడవ మాత్రం రోజుకి రెండుసార్లే. వంతెన వెయ్యమని మేం ముప్పై ఏళ్ళుగా అడుగుతున్నాం. పైవాళ్ళ తొందరంతా పెట్టెలో పెట్టి పంపారు కాబోలు.

రేవు పక్క ఇల్లు గదా అని నర్సమ్మ ఆ పెట్టెని వాళ్ళింట్లో ఉంచింది. మంగతాయారు మొహం చూసి ఉంచింది, మొగుడి మొహమూ మరుదుల మొహమూ చూసి కాదు. ముగ్గురూ చేతులు కట్టుకుని విన్నారు. ఎండ తగలకుండా నీడలో ఉంచాలంది. ఒక్క చుక్కే వెయ్యాలి, ఎక్కువా తక్కువా కూడదంది. వేశాక పెట్టె కూత పెట్టేదాకా దాన్ని కదపొద్దంది. ఎర్ర దీపం వెలిగితే మాత్రం ఆలస్యం చెయ్యకుండా మనిషిని మొదటి పడవలో పట్నం ఆస్పత్రికి పంపాలంది. వెళ్తూ వెళ్తూ, నీళ్ళు నిలవుంటే దోమలు గుడ్లు పెడతాయి, నీళ్ళున్నవన్నీ బోర్లించండని కూడా చెప్పింది.

ఇంకేముంది. నర్సమ్మ పడవెక్కగానే ముగ్గురూ బోర్లించే పనిలో పడ్డారు. బిందెలో మంచినీళ్ళున్నాయి, బోర్లించారు. కుండలో చేపల పులుసుంది, పులుసంటే సగం నీళ్ళే కదా అని బోర్లించారు. పాల గిన్నె బోర్లించే ముందు కాసేపు ఆలోచించారు. పాలలో నీళ్ళున్నాయని ఊరందరికీ తెలుసు, అదీ బోర్లించారు. పెరట్లో రెండు బండ్ల కొబ్బరి చిప్పలు వెల్లకిలా పడున్నాయి. వాటిలో ఆ రోజు నీళ్ళు లేవు. నీళ్ళున్నవే బోర్లించమంది, లేనివాటిని ముట్టుకోమనలేదుగా. మర్నాడు వానొచ్చి ఆ చిప్పలన్నీ నిండాయి. నర్సమ్మ చెప్పిన రోజు అయిపోయింది కాబట్టి వాటినెవరూ పట్టించుకోలేదు. మంగతాయారు పీచు నానబెట్టే గోతి దగ్గర్నించి వచ్చి ఖాళీ బిందెలు చూసి నెత్తి కొట్టుకుంది. ఆవిడ మళ్ళీ నీళ్ళు మోసుకురావడంలో పడి పెరటి సంగతి చూడలేదు.

పెట్టెని నీడలో ఉంచడం ఇంకో ముచ్చట. పెరట్లో జామచెట్టు నీడలో పీట వేసి దాని మీద పెట్టారు. పొద్దెక్కేకొద్దీ నీడ జరిగింది, ముగ్గురూ పీట జరిపారు. నీడ గోడ దాటి పక్కవాళ్ళ దొడ్లోకి పోయింది, వీళ్ళూ గోడ దూకారు. పీచు పని ఆ రోజు మానేశారు. ఇంట్లో అల్మారా ఉందిగా, అందులో ఎండ ఎలా వస్తుందని మంగతాయారు అడిగితే సూరన్న నవ్వాడట. అల్మారాలో ఎండే లేనప్పుడు నీడెక్కడిదే అన్నాడట. ఆవిడ పెట్టె లాక్కుని అల్మారాలో పెట్టి తాళం వేసింది.

తరవాత వాళ్ళకి ఇంకో దిగులు పట్టుకుంది. పెట్టె వచ్చి పది రోజులైంది, ఎవరికీ జ్వరం రాలేదు. ఇంత ఖరీదైన పెట్టె ఊరికే పడుందని లోవరాజు ఇల్లిల్లూ తిరిగి, మీ ఇంట్లో జ్వరం ఎప్పుడు పెట్టుకుంటున్నారని అడిగొచ్చాడు. బాలింత ఉన్న ఇంట్లో అడిగితే చీపురు తిరగేశారు. ఊరి వాళ్ళకి సహకారం లేదని వచ్చి నాకు చెప్పుకుని బాధపడ్డాడు.

ఆ సహకారమేదో సొంత ఇంట్లోనే దొరికింది. మంగతాయారుకి జ్వరమొచ్చింది. రెండు రోజులు చెప్పకుండా పని చేసింది. మూడో రోజు పొద్దున లేవలేకపోయింది. ఒళ్ళు పెనంలా కాలుతోంది, కళ్ళ వెనక పోట్లు, ఎముకలు విరిచేస్తున్నట్టు నొప్పులు. పెట్టె తీసి నర్సమ్మ చెప్పినట్టు చెయ్యండని తాళంచెవి మొగుడి చేతిలో పెట్టి కళ్ళు మూసుకుంది. ఈ కథలో ఆవిడ చేసిన తప్పేదన్నా ఉంటే అదొక్కటే.

ఒక్క చుక్క రక్తం కావాలి. సూరన్న ఆలోచించాడు. ఇంట్లోంచి ఏది పోయినా మూడు వాటాలు. వచ్చిన చుట్టానికి ఒక అరటిపండిచ్చినా ముగ్గురూ కలిసే చెయ్యిపెట్టి ఇస్తారు. అలాంటిది మగాళ్ళు ముగ్గురుండగా రక్తం ఆడకూతురి చేత ఇప్పించడమా? ఊళ్ళో తల ఎత్తుకోగలమా? అంతే, ముగ్గురూ వేళ్ళు పొడుచుకున్నారు. ఒక్కో వేలికీ ఒక చుక్కొచ్చింది, మొత్తం మూడయ్యాయి. ఒక్కటే వెయ్యమంది కదా నర్సమ్మ. పళ్ళెంలో మూడూ కలిపి, వేప పుల్లతో తిప్పి, అందులోంచి ఒక్క చుక్క తీసి పట్టీ మీద వేశారు. ఇంతకన్నా న్యాయంగా ఏ కోర్టులోనూ జరగదు.

కూతొచ్చింది. ఆకుపచ్చ దీపం వెలిగింది.

ముగ్గురూ సంబరపడిపోయారు. మంగతాయారుని తట్టి లేపి, నీకు జబ్బు లేదు, లేచి అన్నం వండమన్నారు. ఆవిడ ఒళ్ళు పట్టుకు చూడమంది. సూరన్న పట్టుకు చూసి చెయ్యి చురుక్కుమంటే వెనక్కి లాక్కున్నాడు. అయినా పెట్టె లేదంటోంది కాబట్టి తన చెయ్యే చల్లగా ఉండుంటుందని తేల్చాడు. నర్సమ్మ ఇచ్చిన పెట్టె ఎక్కువా, నీ ఒళ్ళు ఎక్కువా అని లోవరాజు వాదించాడు. చివరికి ఆవిడకి అనుమానమొచ్చి, రక్తమెవరిది వేశారని అడిగింది. గొప్పగా చెప్పారు.

మంగతాయారు ఓపిక చేసుకుని లేచి కూచుందట. "మీ ముగ్గురికీ జబ్బు లేదు, సంతోషం. నాకున్నదేంటో తెలియాలంటే నా రక్తం వెయ్యాలి" అని తనే వేలు పొడుచుకుని, రెండో పట్టీ మీద చుక్క వేసి పెట్టెలోకి తోసి పక్కన మంచం మీదే పెట్టింది.

ఇక్కడ బుల్లబ్బాయి తెలివి పనిచేసింది. పెట్టెని కదపొద్దంది నర్సమ్మ. మనం నడిస్తే నేల అదురుతుంది. నేల అదిరితే మంచం అదురుతుంది. మంచం అదిరితే పెట్టె కదులుతుంది. కాబట్టి కూతొచ్చేదాకా ఎవరూ కదలకూడదు. ఈ మాట చెప్పి వాడు బొమ్మలా నిలబడిపోయాడు. సూరన్న వదినకి నీళ్ళిద్దామని చెంబు ఎత్తాడు, ఎత్తిన చెంబు ఎత్తినట్టే ఉంది. అంటే తన పెళ్ళానికేలే, తమ్ముళ్ళతో పాటు వాడూ వదినా వదినా అంటుంటాడు, ఆ మాట కూడా సమానంగా ఉండాలని. లోవరాజు ఒక కాలు గడప లోపల, ఒక కాలు బయట. వీధిలో కుక్క లోపలికొచ్చి పొయ్యి దగ్గరున్న ఎండుచేపలు తినేసి, వీళ్ళని ఒకసారి చూసి, మూతి నాక్కుంటూ పోయింది. ఎవరూ అదిలించలేదు. మంగతాయారుకి చలి పట్టుకొచ్చి వణుకు మొదలైంది. అప్పుడు మాత్రం బుల్లబ్బాయి పెదవులు కదపకుండా, వణకొద్దు వదినా, పెట్టె కదులుతుంది అన్నాడట.

సరిగ్గా ఆ వేళకే నేను మొదటి పడవ వేసుకుని రేవులో రబ్బరు బూర మోగించాను. ఎవరైనా ఉన్నారా అని కేకేశాను. గుమ్మంలోంచి ముగ్గురూ నిలబడి కనిపించారు. పిలిస్తే పలకలేదు. పలికితే నోరు కదులుతుంది కదా, ఆ సంగతి నాకు అప్పుడు తెలియదు. కోపమొచ్చి పడవ తీసేశాను. ఆ కోపానికి తరవాత నన్ను నేను చాలాసార్లు తిట్టుకున్నాను.

నేను అవతలి గట్టు చేరేలోపు కూతొచ్చింది. ఎర్ర దీపం వెలిగింది. మంగతాయారు అది చూసిందట. పడవ వెళ్ళిపోయిందని ఆవిడకి తెలుసు, మధ్యాహ్నం మూడింటికి మళ్ళీ వస్తుందని కూడా తెలుసు. అంతదాకా ఓపిక పట్టి పడుకుంది. మొగుడూ మరుదులూ మాత్రం నిశ్చింతగా అరుగు మీద కూచుని తాళ్ళు పేనుకున్నారు. మొదటి పడవలో పంపమంది నర్సమ్మ. ఇవాళ్టి మొదటి పడవ పోయింది. రేపటి మొదటి పడవ రేపొస్తుంది. ఇందులో కంగారు పడాల్సిందేముంది?

మూడింటికి నేను రేవులో దిగేసరికి మంగతాయారు గుమ్మం దాకా పాక్కుంటూ వచ్చి పడుంది. మొహం వాడిపోయింది, చేతుల మీద ఎర్రటి మచ్చలు. పరిగెత్తుకెళ్ళి, ఏంట్రా ఇది, ఎక్కించండి పడవలో అన్నాను. సూరన్న చల్లగా విషయమంతా చెప్పి, ఇది రెండో పడవ బాబాయ్, ఎక్కించకూడదు అన్నాడు. నర్సమ్మ మాట తప్పమంటావా అని లోవరాజు నన్నే కోప్పడ్డాడు. తిట్టాను. తిట్లు కూడా మూడు సమాన భాగాలుగా పంచుకున్నట్టున్నారు, ఒక్కడికీ తగిలినట్టు లేదు. వీళ్ళతో వీళ్ళ దారిలోనే పోవాలని అప్పటికి తెలిసింది.

"ఒరే సూరన్నా, నర్సమ్మ ఎప్పటి నుంచి లెక్క పెట్టమంది? దీపం వెలిగాక వచ్చే మొదటి పడవ అంది. దీపం వెలిగాక ఈ రేవుకొచ్చిన పడవల్లో ఇదెన్నోది?"

ముగ్గురూ వేళ్ళు మడిచారు. ఒక్క వేలు దగ్గరే ఆగిపోయారు. ఇది మొదటిదేరా అని సూరన్న ఆశ్చర్యపోయి, పొద్దున్నించీ ఈ మాట ఎవరూ చెప్పలేదే అని మంగతాయారు వంక నిష్ఠూరంగా చూశాడు.

పడవ దొరికింది, మోసుకెళ్ళాలి. నులక మంచం మీద పడుకోబెట్టారు. మంచానికి నాలుగు కోళ్ళు, అన్నదమ్ములు ముగ్గురు. నాలుగో కోడు నేను పట్టుకుంటానన్నాను. ఇంటి బరువు పరాయివాడి మీద పెట్టే వంశం కాదన్నారు. ఒక్కొక్కరికీ ఒక కోడూ, మిగిలిన కోడులో మూడోవంతూ వస్తుంది, ఆ మూడోవంతు పట్టుకునేదెలా అని తర్జనభర్జన పడ్డారు. నేను పడవ కట్టు విప్పడానికి అటు తిరిగాను, అంతే. బుల్లబ్బాయి రంపం తెచ్చి నాలుగో కోడు కోసేశాడు. ఆవిడ మంచం మీద ఉండగానే. మంచం ఒరిగి, మంగతాయారు దొర్లి నేల మీద పడింది.

పడ్డావిడ మెల్లగా లేచింది. చీర దులుపుకుంది. గోడ పట్టుకుని, నా చెయ్యి పట్టుకుని రేవు దాకా నడిచొచ్చింది. వెనకాలే ముగ్గురూ మూడు కోళ్ళ ఖాళీ మంచాన్ని సమానంగా మోసుకుంటూ వచ్చారు. వదిన నడుస్తోంది కాబట్టి బరువు బాగా తగ్గిందని, ఆ కోడు కొయ్యడం వల్లే తగ్గిందని వాళ్ళలో వాళ్ళు మెచ్చుకున్నారు.

నడి గోదారిలో మంగతాయారు నా వైపు తిరిగి అంది.

"బాబాయ్, నేను పోతే వీళ్ళు నన్ను కూడా మూడు వాటాలు వేస్తారు. నువ్వు కాస్త పక్కనుండి ఆపు."

నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే భయమేసింది. ఇరవై ఏళ్ళలో ఆ పడవని అంత గట్టిగా ఎప్పుడూ తొయ్యలేదు.

ఆస్పత్రిలో డాక్టరు చూసి, జ్వరమెప్పటి నుంచి అని అడిగాడు. పొద్దున తొమ్మిదింటి నుంచండీ, అంతకు ముందు ఆకుపచ్చే అన్నాడు సూరన్న. డాక్టరు వాడి మొహం కాసేపు చూసి, మిగతా ప్రశ్నలు నన్నడిగాడు. రక్తంలో ప్లేట్‌లెట్లు బాగా పడిపోయాయట. రేపటిదాకా ఆగుంటే మనిషి దక్కేది కాదన్నాడు. ఆ మాట వినగానే సూరన్న నిజంగానే బావురుమన్నాడు, లేదనను. ఆ ఏడుపు చూసి తమ్ముళ్ళిద్దరూ వంతు ప్రకారం అంతసేపూ ఏడిచారు.

సెలైన్ పెట్టారు. పక్కన ఎప్పుడూ ఒక మనిషుండాలి, లేచి తిరగనివ్వకూడదు అన్నాడు డాక్టరు. ఒక మనిషి. మనుషులు ముగ్గురు. ఇంకేముంది, మళ్ళీ పంపకం. ఒక్కొక్కరూ సరిగ్గా ఒక్కో పడవ వంతు ఉండాలని ఒప్పుకున్నారు. పడవ వేళ కాగానే సూరన్న లేచి రేవుకొచ్చేవాడు, తన వంతు అయిపోయింది కాబట్టి. లంక వైపు గట్టున లోవరాజు నిలబడి ఉండేవాడు, అన్న రాకుండా వెళ్తే ఇద్దరవుతారు కాబట్టి. అన్న దిగాక వీడెక్కేవాడు. నా పడవ పూటకొకటి, పట్నం రేవు నుంచి ఆస్పత్రి దూరం. పొద్దున దిగిన అన్న బదులు తమ్ముడు మధ్యాహ్నానికి గానీ ఆస్పత్రి చేరడు, చేరేసరికి వాడి వేళ కూడా దగ్గరపడుతుంది. రెండు రోజులు ముగ్గురూ నా పడవలోనూ రేవుల్లోనూ ఉన్నారు, మంచం పక్కన మాత్రం ఎవరూ లేరు. ఒకనాడు ఆవిడ దాహమేసి తనే లేచి కళ్ళు తిరిగి పడబోతే, వార్డు ఊడ్చే ఆయా పట్టుకుంది. ఆ తరవాత ఆ ఆయానే ఆవిడని చూసుకుంది. మేం ముగ్గురం ఒక్క నిమిషం తేడా లేకుండా సేవ చేశామని సూరన్న ఇప్పటికీ చెబుతాడు.

ఏడో రోజుకి మంగతాయారు నిలబడింది. గట్టి మనిషి, బతికి బయటపడింది. డాక్టరు పంపిస్తూ ముగ్గుర్నీ ఎదురుగా నిలబెట్టాడు. పదిహేను రోజులు పూర్తి విశ్రాంతి కావాలి, పొయ్యి దగ్గరికి గానీ గోతి దగ్గరికి గానీ వెళ్ళకూడదు, మళ్ళీ తిరగబెడితే నేనేం చెయ్యలేనని గట్టిగా చెప్పాడు. ముగ్గురూ తలలు ఊపారు. వాళ్ళు తలలూపారంటే ఏదో జరగబోతోందని తెలుసు. ఏం జరుగుతుందో మాత్రం నా బుర్రకి అందలేదు.

ఇంటికి తీసుకొచ్చాం. నేను తోడు వెళ్ళాను. మంగతాయారు అరుగెక్కి, ఆయాసపడుతూ స్తంభానికి ఆనుకుంది. సూరన్న తమ్ముళ్ళని పిలిచి కూచోబెట్టాడు. డాక్టరు పదిహేను రోజుల విశ్రాంతి ఇచ్చాడు, ఇంటికొచ్చింది కాబట్టి పంచుకుందాం అన్నాడు. మూడైదులు పదిహేను. తలో అయిదు రోజులు, ముక్కలు చెయ్యాల్సిన పని కూడా లేకుండా సరిపోయింది. ఇంత సాఫీగా పంపకం జరిగి ఎన్నాళ్ళయిందో అని ముగ్గురూ మురిసిపోయారు. అంతే, సూరన్న అక్కడికక్కడే చాప పరుచుకుని పడుకున్నాడు. కాళ్ళు చాపి, పొయ్యి వెలిగించు వదినా, పొద్దెక్కింది అన్నాడు.

నాకు చెయ్యి లేవబోయింది. మంగతాయారు కళ్ళతోనే ఆగమంది. తన మొగుణ్ణి నెమ్మదిగా అడిగింది, మరి ఇందులో నా వాటా ఎంత అని.

ముగ్గురూ వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టారు, మూడైదులు పదిహేనే. వాళ్ళకి నిజంగానే అర్థం కాలేదు. పాపం, మోసం చేద్దామని కాదు. మోసం చెయ్యాలన్నా కాస్త తెలివుండాలి.

"నీకు వాటా ఏంటి వదినా" అన్నాడు బుల్లబ్బాయి, బాధగా. "జబ్బు మొత్తం నీకే వదిలేశాం కదా. అందులో మేం ఒక్కళ్ళమైనా వాటా అడిగామా?"

నేను పడవవాణ్ణి, వరదలు చూశాను, తుపాన్లు చూశాను. ఆ మాటకి మాత్రం అరుగు మీద కూలబడ్డాను. మంగతాయారు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి, అది నేను చూశాను. పద్నాలుగేళ్ళుగా ఆ ఇంట్లో మామిడిపండు మూడు ముక్కలవుతోంది. టెంక కూడా మూడు ముక్కలవుతోంది. ఆవిడ ఏం తిందని నేనూ ఎప్పుడూ అడగలేదు, ఊళ్ళో ఇంకెవరూ అడగలేదు. ముగ్గురన్నదమ్ముల ఐకమత్యం చూసి నవ్వుకోవడంతోనే మాకు సరిపోయింది.

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకుని, నిదానంగా మాట్లాడింది.

"అయితే ఈ ఇంట్లో ఏదొచ్చినా మీ ముగ్గురికే. నాకు దేన్లోనూ వాటా లేదు. అంతేనా?"

"అంతే" అన్నాడు సూరన్న గర్వంగా. "తాతల నాటి నుంచీ అంతే."

"మంచిది. ఇవాళ ఈ ఇంటికి విశ్రాంతి ఒక్కటే రాలేదు, వంట కూడా వచ్చింది. ఇల్లూడవడం వచ్చింది, నీళ్ళు తేవడం వచ్చింది. అన్నీ మీ ముగ్గురివే. న్యాయంగా పంచుకోండి. నాకు వాటా లేనిదాన్ని నేను ముట్టుకుంటే మీ కట్టుబాటు పోతుంది."

అని లోపలికెళ్ళి మంచం మీద పడుకుంది. ఆ మంచం ఒరిగిపోకుండా కోసేసిన కోడు కింద నేనే ఇటుకలు పేర్చి వచ్చాను. డాక్టరు మాట ఆ ఇంట్లో అప్పటికి నెరవేరింది.

అన్నదమ్ములు ముగ్గురూ చాలాసేపు ఆలోచించారు. వదిన మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. విశ్రాంతి పదిహేను రోజులు, వంట కూడా పదిహేను రోజులు. వంటలో పనులు మూడు. బియ్యం కడగడం, పొయ్యి మీద ఉడికించడం, గంజి వార్చడం. ముగ్గురికి మూడు. మళ్ళీ భాగారం సరిపోయింది, మళ్ళీ మురిసిపోయారు.

నాలుగో రోజు మా ఆవిడ మంగతాయారు కోసం వండిన జావా, చేప ముక్కా పట్టుకుని వెళ్ళాను. రోజూ ఇస్తున్నదే. ఆవిడ బాగానే ఉంది, మొహంలో కాస్త రక్తం కనబడుతోంది. పెళ్ళయ్యాక ఇన్ని రోజులు వరసగా పడుకోవడం ఇదే మొదటిసారంది. పెరట్లోకి తొంగి చూశాను. సూరన్న గిన్నెలో బియ్యం కడుగుతున్నాడు. లోవరాజు, బుల్లబ్బాయి పొయ్యికి అటూ ఇటూ కూచుని కాపలా కాస్తున్నారు. ముగ్గురి కళ్ళూ లోపలికి పోయాయి. పొయ్యిలో బూడిద కూడా చల్లారి గట్టిపడింది.

ఏంట్రా, నాలుగు రోజులుగా తిండి తినలేదా, పొయ్యి వెలిగించరేం అన్నాను.

"అన్నయ్యది మొదటి అయిదు రోజులు బాబాయ్, బియ్యం కడగడం" అన్నాడు లోవరాజు నీరసంగా. "నా వంతు ఎల్లుండి నుంచి. ఇప్పుడే వెలిగిస్తే అన్నయ్య రోజుల్లో చెయ్యి పెట్టినట్టవుతుంది."

మరి బుల్లబ్బాయి వంతు ఎప్పుడురా అని అడిగాను. పదకొండో రోజున గంజి వారుస్తాడట. ఆ తరవాత ముగ్గురూ కలిసి భోంచేస్తారట, సమానంగా. సూరన్న కడిగిన నీళ్ళు పారబోసి, గిన్నెలోకి మళ్ళీ కొత్త నీళ్ళు పోశాడు.